ఒకే కంప్యూటర్‌కి నాలుగైదు అడ్రస్‌లు ఉంటే టొరెంట్ ప్రోగ్రామ్‌ని సెట్ చేసుకోవడం ఎలా

నాన్న షష్టిపూర్తి వీడియో మొత్తం 38 జీబీ వచ్చింది. డాలస్‌లో ఉన్న తమ్ముడు సెలవు దొరక్క రాలేకపోయాడు, కనీసం వీడియో అయినా పూర్తిగా చూడాలని వాడి ఆశ. క్లౌడ్‌లో అంత జాగా కొనడం ఎందుకని నా కంప్యూటర్లోనే టొరెంట్ (ఫైల్‌ని ముక్కలుగా ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి నేరుగా పంపే పద్ధతి) తయారుచేసి, దాన్ని వెతికిపెట్టే మాగ్నెట్ లింక్ వాట్సాప్‌లో పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి ఫోన్. “అన్నయ్యా, రాత్రంతా సున్నా దగ్గరే ఉంది. ఒక్క పీర్ కూడా దొరకలేదు.” పీర్ అంటే అదే ఫైల్‌ని పంచుకునే అవతలి కంప్యూటర్. నా వైపు చూస్తే, నేను వాడే టొరెంట్ ప్రోగ్రామ్ క్యూబిట్‌టొరెంట్ కింద బార్‌లో కనెక్షన్ గుర్తు ఆకుపచ్చగా ఉంది. నేను ఎప్పుడూ సీడ్ చేసే, అంటే ఇతరులకి పంచే, డెబియన్ లినక్స్ ఐఎస్ఓ ఫైళ్లు హాయిగా అప్‌లోడ్ అవుతున్నాయి. తప్పెక్కడుందో పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. మీకు ఒక సాయంత్రం కంటే ఎక్కువ పట్టకూడదని ఇది రాస్తున్నాను.

కారణం ఒక్క ముక్కలో చెప్తాను. నా కంప్యూటర్‌కి అప్పటికి అయిదు అడ్రస్‌లున్నాయి. తమ్ముడు చేరుకోగలిగిన అడ్రస్ వాటిలో ఒక్కటీ లేదు. ఏ అడ్రస్ ఎవరికి పనికొస్తుందో ప్రోగ్రామ్ తనంతట తాను తెలుసుకోలేదు. బయటి ప్రపంచానికి తాను ఏ అడ్రస్‌తో కనబడుతున్నానో కూడా అది నలుగురినీ అడిగే తెలుసుకుంటుంది. ఏ ఫైల్ ఎవరి దగ్గరుందో జాబితా ఉంచే ట్రాకర్ సర్వర్ ఒక మాట చెప్తుంది, ఆ జాబితాని సర్వర్ లేకుండా తమలో తామే పంచుకునే డీహెచ్‌టీలోని నోడ్‌లు (అందులోని కంప్యూటర్లు) చెప్తాయి, కనెక్ట్ అయిన ప్రతి పీరూ “నువ్వు నాకు ఫలానా అడ్రస్ నుంచి కనబడుతున్నావు” అంటుంది. క్యూబిట్‌టొరెంట్ లోపల పనిచేసే లిబ్‌టొరెంట్ ఈ మాటలన్నిటినీ ఓట్లలాగా లెక్కబెట్టి, ఎక్కువమంది చెప్పిందే నిజమని తీసుకుంటుంది. కింద చెప్పే ప్రతి అడుగుకీ ఇదే ఆధారం.

ముందు అడ్రస్‌లన్నీ కాగితం మీద రాసుకోండి

విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ వరకు వెళ్తే హార్డ్‌వేర్ అండ్ కనెక్షన్ ప్రాపర్టీస్ అనే పేజీ ఉంటుంది. కేబుల్, వైఫై, వీపీఎన్ అన్నిటి అడ్రస్‌లూ అక్కడ ఒకేచోట కనబడతాయి. ఆ రోజు నా కాగితం మీద పడినవి ఇవి: ఫైబర్ రౌటర్ నుంచి కేబుల్‌కి వచ్చిన 192.168.1.7, అదే కేబుల్ మీద రెండు ఐపీవీ6 (కొత్త తరహా పొడుగాటి) అడ్రస్‌లు, లైన్ పోతే పనికొస్తుందని పెట్టుకున్న మొబైల్ రౌటర్ వైఫై మీద ఇంకో 192.168 అడ్రస్, ఆఫీసు వీపీఎన్ ఇచ్చిన 10తో మొదలయ్యేది.

ఇప్పుడు ఒక్కో అడ్రస్ పక్కన అది ఏ జాతిదో రాయండి. 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి ఇంటి లోపలి అడ్రస్‌లు. బయటివాళ్లకు అవి కనబడవు. ఐపీవీ6లో ఎఫ్‌ఈ80తో మొదలయ్యేది ఆ ఒక్క కేబుల్ లేదా వైఫై వరకే, దాన్ని కొట్టేయండి. 2తోనో 3తోనో మొదలయ్యేవే ప్రపంచం మొత్తానికీ తెలిసే అడ్రస్‌లు.

తరవాత రౌటర్ పేజీ తెరిచి వ్యాన్ అడ్రస్, అంటే రౌటర్‌కి బయటి వైపున్న అడ్రస్, చూడండి. చాలామంది ఆగకుండా దాటేసే చోటు ఇదే, ఇక్కడ మాత్రం నిదానంగా చూడాలి. ఆ అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే మీ ప్రొవైడర్ ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలా ఇళ్లకు పంచుతున్నాడని అర్థం. దీన్నే సీజీ-న్యాట్ అంటారు. ఆ అంకెల వరసని 2012లో ప్రత్యేకంగా దీనికోసమే కేటాయించారు. కొందరు ప్రొవైడర్లు అక్కడ కూడా 10తో మొదలయ్యేవే ఇస్తారు. ఏది ఉన్నా ఫలితం ఒకటే: మీ రౌటర్లో ఎన్ని పోర్టులు (ప్రోగ్రామ్‌లకి ఇచ్చే తలుపు నంబర్లు) తెరిచినా ఐపీవీ4 (192.168.1.7 లాంటి పాత తరహా అడ్రస్‌లు) మీద బయటివాళ్లు మీ దాకా రాలేరు, ఎందుకంటే మూసి ఉన్న తలుపు మీ ఇంట్లో లేదు, వీధి చివర ఉంది. నా లైన్ అలాంటిదే. కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ రౌటర్ ఆపి ఆన్ చేయమన్నారు. నా పబ్లిక్ అడ్రస్ నాకొక్కడికే కాదన్న మాట ఒక్కరూ చెప్పలేదు.

ఐపీవీ6 ఉంటే మాత్రం దిగులు పడకండి. 2016లో జియో వచ్చిన దగ్గర్నుంచి మన దేశంలో ఐపీవీ6 మామూలు సంగతి అయిపోయింది. సీజీ-న్యాట్ వెనక ఉన్న ఇంటికి బయటికి తెరుచుకునే అసలు తలుపు చాలాసార్లు అదే.

ఏ అడ్రస్ మీద వినాలో ప్రోగ్రామ్‌కి చెప్పండి

క్యూబిట్‌టొరెంట్‌లో టూల్స్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ అని వెళ్లండి. నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ (కేబుల్, వైఫై, వీపీఎన్‌లలో ఏది) అని ఒక వరస, దాని కింద ఏ ఐపీ అడ్రస్‌కి కట్టుబడాలో అడిగే ఇంకో వరస ఉంటాయి. మొదటిదాంట్లో మీకు కావలసిన ఇంటర్‌ఫేస్ ఎంచుకోండి, రెండోది “అన్ని అడ్రస్‌లు” దగ్గరే వదిలేయండి. అడ్రస్ ఇవాళ ఒకటి, రేపొకటి. రౌటర్ ఆపి ఆన్ చేస్తే మారుతుంది, వీపీఎన్ తెగి మళ్లీ కలిస్తే మారుతుంది. ఇంటర్‌ఫేస్ పేరు మాత్రం అలాగే ఉంటుంది. అడ్రస్‌కి కట్టేసిన ప్రోగ్రామ్ అది మారిన క్షణాన చడీచప్పుడూ లేకుండా వినడం మానేస్తుంది.

నా తప్పుల్లో మొదటిది ఇక్కడే దొరికింది. ఇంటర్‌ఫేస్ “ఏదైనా సరే” అని ఉంది. దాంతో ఆఫీసు వీపీఎన్ మీద కూడా నా ప్రోగ్రామ్ వింటోంది, ట్రాకర్లకు ఆ దారినా కబురు పెడుతోంది. ఆఫీసు నెట్‌వర్క్ మీద టొరెంట్ నడపడం మీ ఉద్యోగానికి మంచిది కాదు. వీపీఎన్ ఉన్న ప్రతి ఒక్కరూ ఇంటర్‌ఫేస్‌ని చేత్తో ఎంచుకుని తీరాలి. టొరెంట్‌ని సొంత వీపీఎన్ మీదే నడపాలనుకునేవాళ్లకీ ఇదే పద్ధతి: ఆ వీపీఎన్ ఇంటర్‌ఫేస్‌ని ఎంచుకుంటే, అది తెగినప్పుడు డౌన్‌లోడ్ ఆగిపోతుంది తప్ప మామూలు లైన్ మీదికి జారిపోదు.

ట్రాన్స్‌మిషన్ అనే ఇంకో టొరెంట్ ప్రోగ్రామ్ వాడేవాళ్లయితే సెట్టింగ్స్ ఫైల్లో ఐపీవీ4కి ఒకటి, ఐపీవీ6కి ఒకటి, రెండు బైండ్ అడ్రస్ లైన్లుంటాయి. ప్రోగ్రామ్ ఆపేశాకే ఆ ఫైల్ ముట్టుకోండి. నడుస్తుండగా మారిస్తే, ఆపేటప్పుడు అది తన పాత విలువలనే మళ్లీ రాసేస్తుంది.

అదే అడ్వాన్స్‌డ్ పేజీలో “ట్రాకర్లకు చెప్పే ఐపీ అడ్రస్” అని ఒక ఖాళీ గడి కనబడుతుంది. దాన్ని ఖాళీగానే ఉంచండి. ట్రాకర్ సాధారణంగా మీరు రాసింది నమ్మదు, మీ కబురు ఏ అడ్రస్ నుంచి వచ్చిందో అదే రాసుకుంటుంది.

పోర్టు, ఫైర్‌వాల్

కనెక్షన్ పేజీలో ఒక పోర్టు నంబర్ ఎంచుకుని, ప్రతిసారీ మారకుండా దాన్నే ఉంచండి. ఇంట్లో రెండు కంప్యూటర్లు టొరెంట్ వాడుతుంటే రెండిటికీ వేరువేరు నంబర్లు ఇవ్వండి. ఐపీవీ4లో రౌటర్ ఒక బయటి పోర్టుని లోపల ఒక్క మెషీన్‌కే పంపగలదు. ఇద్దరూ 6881 అంటే ఒకరికే దక్కుతుంది.

ఐపీవీ4కి రౌటర్లో పోర్టు ఫార్వర్డింగ్, అంటే ఆ పోర్టుకి వచ్చినదాన్ని మీ మెషీన్‌కి పంపే ఏర్పాటు, కావాలి. యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే ప్రోగ్రామే అడిగి తెరిపించుకుంటుంది. ఐపీవీ6కి ఫార్వర్డింగ్ అక్కర్లేదు కానీ, రౌటర్ ఫైర్‌వాల్ బయటినుంచి వచ్చేదాన్ని మామూలుగా ఆపేస్తుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ దగ్గర మీ మెషీన్‌కి, మీ పోర్టుకి, టీసీపీ, యూడీపీ (ప్యాకెట్లు పంపే రెండు పద్ధతులు) రెండిటికీ అనుమతి రాయండి.

రాసేముందు ఒక చిక్కు ఉంది, చూడండి. కేబుల్ మీద ఐపీవీ6 అడ్రస్‌లు రెండున్నాయన్నాను కదా. ఒకటి స్థిరంగా ఉండేది, రెండోది తాత్కాలికం. మీ ఆచూకీ తెలియకుండా ఉండటానికి విండోస్ ఈ తాత్కాలిక అడ్రస్‌ని రోజుకొకటి కొత్తగా పుట్టిస్తుంది, పాతది వారం దాకా బతికి ఉంటుంది. బ్రౌజర్‌కి ఇది మంచిదే. టొరెంట్‌కి మాత్రం తంటా: రౌటర్లో తలుపు తెరిచింది స్థిరమైన అడ్రస్‌కి, ప్రోగ్రామ్ బయట చెప్పుకునేది తాత్కాలికమైనది అయితే వచ్చినవాళ్లు గోడకి తగులుతారు. రౌటర్ పరికరం పేరు మీద అనుమతి ఇవ్వనిస్తే ఆ దారే పట్టండి. ఇవ్వకపోతే, ఇందాక వదిలేయమన్న రెండో వరసలో స్థిరమైన ఐపీవీ6 అడ్రస్ ఎంచుకోవాల్సి రావచ్చు. అలా చేస్తే ఐపీవీ4 మీద వినడం ఆగిపోతుందని గుర్తుంచుకోండి. సీజీ-న్యాట్ వెనక ఉన్నవాళ్లకి దానివల్ల పోయేది తక్కువే.

విండోస్ ఫైర్‌వాల్‌నీ ఒకసారి చూడండి. ప్రోగ్రామ్ మొదటిసారి నడిపినప్పుడు ప్రైవేట్ నెట్‌వర్క్‌కి మాత్రమే టిక్ పెట్టి ఉంటారు. కొత్తగా కలిపిన వైఫైని విండోస్ పబ్లిక్ అనుకుంటే ఆ దారి మూసుకుపోతుంది.

మీ అడ్రస్‌లు అవతలివాళ్లకి ఎలా చేరతాయి

ఇది అర్థమైతే సగం టెన్షన్ పోతుంది. ట్రాకర్ ఇచ్చే జాబితాలో ఒక ఐపీవీ4 పీర్‌కి 6 బైట్లు: అడ్రస్‌కి 4, పోర్టుకి 2. ఐపీవీ6 పీర్‌కి 18 బైట్లు కావాలి కాబట్టి వాటికి వేరే జాబితా ఉంటుంది. డీహెచ్‌టీ కూడా రెండు వేరువేరు ఊళ్లలాంటిది, ఐపీవీ4ది ఒకటి, ఐపీవీ6ది ఒకటి. ఐపీవీ4 ఊళ్లో మాత్రమే ఉన్న మనిషికి ఐపీవీ6 ఊళ్లోని మీ ఇల్లు చెప్పినా వచ్చే దారి లేదు. నా తమ్ముడి విషయంలో జరిగింది అచ్చంగా ఇదే. వాడి రౌటర్లో ఐపీవీ6 ఆఫ్‌లో ఉంది. నా ఐపీవీ4 సీజీ-న్యాట్ వెనక ఉంది. నా దగ్గర వెలిగిన ఆకుపచ్చ గుర్తు ఐపీవీ6 మీద డెబియన్ కోసం వచ్చినవాళ్ల వల్ల. ఏదో ఒక అడ్రస్ మీద ఎవరో ఒకరు లోపలికి వచ్చినా చాలు, ఆ గుర్తు ఆకుపచ్చ అవుతుంది. మీ తలుపులన్నీ తెరిచి ఉన్నాయని దానర్థం కాదు.

అందుకే మంచి ప్రోగ్రామ్ ఒక్కో అడ్రస్ నుంచి విడివిడిగా ట్రాకర్‌కి కబురు పెడుతుంది. లిబ్‌టొరెంట్ 1.2 నుంచి ఈ పద్ధతే. రెండు కబుర్లూ ఒకే మనిషివని ట్రాకర్‌కి తెలియడానికి వాటిలో ఒకే రహస్య గుర్తు ఉంటుంది. డీహెచ్‌టీలో అయితే ఒక్కో బయటి అడ్రస్‌కి ఒక్కో నోడ్ ఐడీ, అంటే ఒకే మెషీన్ ఇద్దరు మనుషుల్లా తిరుగుతుంది. ఇలా రెండు దారుల్లో ఒకే పీర్ మీకు రెండుసార్లు ఎదురైతే, పీర్ ఐడీ ఒకటే కావడం చూసి ప్రోగ్రామ్ ఒక కనెక్షన్‌ని వదిలేస్తుంది.

ఈమ్యూల్ అనే పాత ఫైల్ షేరింగ్ ప్రోగ్రామ్ వాడినవాళ్లకి హై ఐడీ, లో ఐడీ గొడవ గుర్తుండే ఉంటుంది. అక్కడ హై ఐడీ అంటే మీ ఐపీవీ4 అడ్రస్‌నే ఒక అంకెగా మార్చి రాసుకున్నది. బయటినుంచి చేరుకోలేని వాళ్లకి 1,67,77,216 కంటే చిన్న అంకె, అదే లో ఐడీ. మనిషికీ అడ్రస్‌కీ తేడా లేని ఏర్పాటు అది. రెండో అడ్రస్‌కి అందులో చోటే లేదు.

బిట్‌టొరెంట్ పేజీలో డీహెచ్‌టీ, పెక్స్ (పీర్లు ఒకదానికొకటి ఇతర పీర్ల అడ్రస్‌లు చెప్పుకోవడం), లోకల్ పీర్ డిస్కవరీ మూడూ ఆన్‌లో ఉంచండి. మూడోది 239.192.152.143 అనే గుంపు అడ్రస్‌కి 6771 పోర్టు మీద కేకేసి ఒకే ఇంట్లో ఉన్న పీర్‌ని కనుక్కుంటుంది. కాలేజీలో నలభై లాప్‌టాప్‌ల మీద ఒకేసారి ఉబుంటు ఎక్కించేటప్పుడు దీని విలువ తెలుస్తుంది: బయటి లైన్ మీద ఒకసారి వచ్చిన ముక్క లోపల అందరికీ తిరుగుతుంది. కొన్ని రౌటర్లు గెస్ట్ వైఫైలో పరికరాలని ఒకదానికొకటి కనబడనివ్వవు, అక్కడ ఈ కేక వినబడదు.

మీరు సీడ్ చేసేవాళ్లయితే అడ్వాన్స్‌డ్‌లో “ఒకే ఐపీ అడ్రస్ నుంచి ఎక్కువ కనెక్షన్లు” అనేదానికి టిక్ పెట్టండి. ఇది ఆఫ్‌లో ఉంటే, ఒకే సీజీ-న్యాట్ వెనక ఉన్న పదిమంది ఒకే ఫైల్ కోసం మీ దగ్గరికి వచ్చినప్పుడు ఒక్కరినే రానిస్తుంది. మన దగ్గర ఒక పబ్లిక్ అడ్రస్ వెనక ఒక పేటంతా ఉండటం మామూలే.

రెండు లైన్లు ఒకేసారి ఉంటే

ఫైబర్ ఒకటి, మొబైల్ రౌటర్ ఒకటి, రెండూ కలిపి వాడితే స్పీడు పెరుగుతుందని ఆశ పుడుతుంది. నేనూ ఆశపడ్డాను. అయితే బయటికి వెళ్లే ప్యాకెట్‌కి దారి చూపేది ప్రోగ్రామ్ కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ రూటింగ్ టేబుల్. అందులో మామూలుగా గెలిచేది ఒకటే లైన్. ఎవరో మీ మొబైల్ లైన్ అడ్రస్‌కి యూడీపీ ప్యాకెట్ పంపారనుకోండి. మీ జవాబు ఫైబర్ మీదుగా, ఫైబర్ అడ్రస్‌తో వెళ్తుంది. పిలిచింది ఒకరిని, పలికింది ఇంకొకరు. అవతలి మెషీన్ దాన్ని పారేస్తుంది. టీసీపీలో జవాబు మీద సరైన అడ్రస్సే ఉంటుంది కానీ తప్పు లైన్‌లో బయటికెళ్తుంది. “ఇది నేనిచ్చిన అడ్రస్ కాదే” అని ఆ ప్రొవైడర్ మధ్యలోనే ఆపేయవచ్చు.

విండోస్‌లో ప్రోగ్రామ్ ఒక అడ్రస్‌కి కట్టుబడితే ప్యాకెట్ ఆ అడ్రస్ ఉన్న ఇంటర్‌ఫేస్ నుంచే వెళ్తుంది కాబట్టి గొడవ తక్కువ. లినక్స్‌లో అడ్రస్‌ని బట్టి దారి ఎంచుకునే రూటింగ్ నియమాలు మీరే రాసుకోవాలి. అది చేతకాకపోతే, నా సలహా: రెండు లైన్లు కలపకండి. టొరెంట్‌ని ఒక ఇంటర్‌ఫేస్‌కి కట్టి, రెండో లైన్‌ని మీ మిగతా పనులకు ఉంచుకోండి. నేను చివరికి అదే చేశాను, ఇంట్లో వీడియో కాల్స్ ఆగడం కూడా తగ్గింది.

పరీక్షించే పద్ధతి

ముందు వ్యూ మెనూలో లాగ్ తెరవండి. ఏ అడ్రస్ మీద, ఏ పోర్టు మీద వినడం మొదలైందో వరసగా రాసి ఉంటుంది. మీ కాగితంతో పోల్చండి. బయటివాళ్లు చెప్పగా తెలుసుకున్న అడ్రస్ కూడా అక్కడే పడుతుంది.

తరవాత జనం ఎక్కువగా ఉన్న ఒక డెబియన్ టొరెంట్ పెట్టి పావుగంట ఆగి, పీర్స్ ట్యాబ్ చూడండి. ఫ్లాగ్స్ కాలమ్‌లో ఇంగ్లీషు పెద్ద అక్షరం ‘ఐ’ ఉన్నవాళ్లు వాళ్లంతట వాళ్లు మీ దగ్గరికి వచ్చినవాళ్లు. ‘హెచ్’ ఉంటే డీహెచ్‌టీ ద్వారా, ‘ఎక్స్’ ఉంటే పెక్స్ ద్వారా, ‘ఎల్’ ఉంటే ఇంటి లోపలి నెట్‌వర్క్‌లో దొరికినవాళ్లు. ‘ఐ’ ఉన్న వరసల్లో అడ్రస్‌లు చూడండి: అన్నీ పొడుగాటి ఐపీవీ6 అడ్రస్‌లే అయితే మీ ఐపీవీ4 తలుపు మూసి ఉన్నట్టే. ఈ ఒక్క కాలమ్ చూసి ఉంటే నా రెండు రోజులు మిగిలేవి.

ఇద్దరి మధ్యే పంపుకోవాలంటే

ఇద్దరూ తలుపులు తెరవక్కర్లేదు, ఒక్కరిది తెరిచి ఉంటే చాలు, రెండోవాళ్లు వెళ్లి తడతారు. ఇద్దరివీ మూసి ఉన్నప్పుడు ఇద్దరికీ కనెక్ట్ అయి ఉన్న మూడో పీర్ మధ్యవర్తిగా కలిపే పద్ధతి ఒకటుంది. కానీ ఇంటి వీడియోకి మూడోవాడెక్కడ?

తమ్ముడికి పబ్లిక్ ఐపీవీ4 ఉంది. వాడి చేత రౌటర్లో యూపీఎన్‌పీ ఆన్ చేయించాను. “ఆన్ చేశాను అన్నయ్యా, ఇప్పుడేం నొక్కాలి?” అన్నాడు. ఏమీ నొక్కక్కర్లేదు, నీ అడ్రస్, పోర్టు చెప్పమన్నాను. నా వైపు పీర్స్ ట్యాబ్‌లో కుడి క్లిక్ చేసి, యాడ్ పీర్స్ దగ్గర అడ్రస్, కోలన్, పోర్టు రాశాను. ఐపీవీ6 అయితే అడ్రస్ చుట్టూ చదరపు బ్రాకెట్లు పెట్టాలి, లేకపోతే పోర్టు ఎక్కడ మొదలైందో ప్రోగ్రామ్‌కి తెలియదు. నిమిషం లోపే వాడి పేరు మీద మొదటి ముక్క కదిలింది.

ఇంటి వీడియోలైతే టొరెంట్ చేసేముందు సెవెన్‌జిప్‌లో పాస్‌వర్డ్ పెట్టి మూసేయండి. డీహెచ్‌టీ బహిరంగ ప్రదేశం, అందులో తిరిగే టొరెంట్లను ఏరుకునేవాళ్లు ఉంటారు. పాస్‌వర్డ్ ఫోన్‌లో చెప్పండి. ప్రైవేట్ అనే టిక్ పెడితే సరిపోతుందనుకోకండి, అది డీహెచ్‌టీని, పెక్స్‌ని ఆపేసి ట్రాకర్ మీదే ఆధారపడేలా చేస్తుంది. ట్రాకర్ లేని మీ టొరెంట్ ఎవరికీ దొరకదు.

మధ్యలో లైన్ తెగి అడ్రస్ మారితే, టొరెంట్ మీద కుడి క్లిక్ చేసి ఫోర్స్ రీఅనౌన్స్ నొక్కండి. ట్రాకర్‌కి తరవాతి కబురు వెళ్లడానికి తరచుగా అరగంట పడుతుంది, అప్పటిదాకా అందరూ మీ పాత అడ్రస్ తలుపే తడుతుంటారు. అడ్రస్ మారగానే తనంతట తానే కబురు పెట్టే ఆప్షన్ అడ్వాన్స్‌డ్‌లో ఉంది, దానికీ టిక్ పెట్టండి.

తరచుగా ఇద్దరి మధ్యే పంపుకునేవాళ్లకి నేనయితే సింక్‌థింగ్ అనే ఫైల్ షేరింగ్ ప్రోగ్రామ్ చెప్తాను. అందులో మనిషి గుర్తింపు అడ్రస్‌లో ఉండదు, డివైస్ ఐడీలో ఉంటుంది. మీ అడ్రస్‌లన్నిటినీ జాబితాగా డిస్కవరీ సర్వర్‌కి ఇస్తుంది, అవతలిది ఒక్కొక్కటీ ప్రయత్నిస్తుంది, ఇంటి లోపలి దారి ఉంటే దానికే మొగ్గు చూపుతుంది, ఏదీ కుదరకపోతే రిలే, అంటే మధ్యలో ఉండే సర్వర్, మీదుగా వెళ్తుంది. రిలే నడిపేవాళ్లకి లోపలి ఫైల్ కనబడదు. రిలే నెమ్మదిగా ఉంటుంది, అందుకే సింక్‌థింగ్ వాడే 22000 పోర్టుకి కూడా పైన చెప్పినట్టే ఐపీవీ6 అనుమతి ఇచ్చుకోండి. పెళ్లిళ్ల సీజన్లో మా ఇంట్లో ఫొటోలన్నీ ఇప్పుడు ఈ దారినే డాలస్ వెళ్తున్నాయి. వందలమందికి అందాల్సిన ఐఎస్ఓలకి మాత్రం టొరెంటే వాడుతున్నాను.

పని అయిపోయాక తమ్ముడి రౌటర్లో యూపీఎన్‌పీ ఆఫ్ చేయించాను. మీరూ వాడని పోర్టు అనుమతులు తీసేయండి, ముఖ్యంగా ఐపీవీ6 ఫైర్‌వాల్లో రాసినవి.